నెల సరుకుల చీటీ చూపించండి
ఆహారం: సందేహాలు - సమాధానాలు

ప్ర: మా వారికి 48 ఏళ్లు. మొన్న రక్తపరీక్ష చేయిస్తే షుగరు బోర్డర్‌లో ఉందన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం మానేశాం. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రికి చపాతీలు. నెల తిరక్కుండానే ఆయనకు విసుగొచ్చింది, చపాతీలు వత్తలేక నా చేతులు పడిపోయాయి. అన్నం అంత చెడ్డదా?
- ఓ గృహిణి, తెనాలి

జ: చెడ్డది కాదమ్మా, ఎక్కువైంది. బియ్యం, గోధుమ, జొన్న, రాగి, కొర్ర... ఏ ధాన్యం తీసుకున్నా దాదాపు మూడింట రెండొంతులో, అంతకన్నా కాస్త ఎక్కువో పిండిపదార్థమే. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, ఆ మేరకు మేలే. కానీ పళ్లెం నిండా అన్నం తినే మనిషి పళ్లెం నిండా కొర్రన్నం తింటే షుగరు పెద్దగా దిగదు. నాలుగు చపాతీలు, ఆలూ కుర్మా అయినా అంతే. రాగిజావ సంగతీ చూడండి. పిండి ఎంత మెత్తనైతే, జావ ఎంత పల్చనైతే, అది అంత తొందరగా రక్తంలో చక్కెరగా చేరుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మే నెలలో మనదేశానికి కొత్త ఆహార నియమావళి ప్రకటించింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి అందులో చెప్పిన లెక్క ఇది: ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు.

ఇప్పుడు మీ నెల సరుకుల చీటీ తీయండి. నలుగురున్న ఇంటికి పై లెక్కన నెలకు ధాన్యాలు 30 కిలోలు, పప్పులు 10 కిలోలు కావాలి. మాంసం, గుడ్లు తినేవాళ్లయితే పప్పు కొంత తగ్గినా ఫర్వాలేదు. మన ఇళ్ల చీటీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. బియ్యం బస్తా ఒకటి (25 కిలోల వరకూ ఉన్న బస్తాకు 2022లో జీఎస్‌టీ వేశాక మిల్లులవాళ్లు దాన్ని 26 కిలోలు చేశారు, ఆ కిలో కూడా మనమే తింటున్నాం), గోధుమపిండి ఐదు కిలోలు, ఇడ్లీరవ్వ, ఉప్మారవ్వ, అటుకులు, సేమ్యా. కందిపప్పు దగ్గరికొచ్చేసరికి రెండు కిలోలు, మినప్పప్పు రెండు, శనగపప్పు, పెసరపప్పు తలా అరకిలో. ధర చూసి చెయ్యి వెనక్కి వస్తుంది, నిజమే. కూరగాయలైతే రోజుకు కిలోన్నర పైన కావాలి. కిలోతోనే రెండు రోజులు గడిపే ఇళ్లు చాలా ఉన్నాయి.

మనం భోంచేసే తీరు గమనించారా? ముందు పప్పుతో అన్నం, తర్వాత కూరతో అన్నం, పచ్చడితో రెండు ముద్దలు, చారుతో మరికాస్త, చివర పెరుగన్నం. ఏ వంటకం వచ్చినా అన్నంలో కలపాల్సిందే. ఐదు సార్లు వడ్డించుకునే అలవాటు వల్ల ఎంత తిన్నామో మనకే తెలియదు. కాబట్టి అన్నం ఒక్కసారే పెట్టుకోండి. మీ వారికి పూటకు డెబ్బై గ్రాముల బియ్యం, అంటే ఉడికాక సుమారు రెండు వందల గ్రాముల అన్నం. కూర ఇప్పుడు తినేదానికి రెట్టింపు. పప్పు గరిటె జారకుండా ముద్దగా ఉండాలి. చారు గ్లాసులో పోసివ్వండి, పెరుగు కప్పులో. కూర, పప్పు సగం తిన్నాకే అన్నం మొదలుపెట్టమనండి. ఈ వరుసలో తింటే భోంచేశాక షుగరు ఎగబాకడం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. తిన్నాక టీవీ ముందు కూర్చోకుండా పావుగంట వీధిలో నడిస్తే మరీ మంచిది.

ఈ మధ్య ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని బోర్డులు పెట్టి అమ్ముతున్నారు. అలాంటి బియ్యం లేదు. తెలంగాణ సోనా లాంటి కొన్ని రకాలు రక్తంలో చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచుతాయి. అంతమాత్రాన మారు వడ్డించుకోవచ్చని కాదు. కొర్రలు, జొన్నరొట్టె ఇష్టమైతే వారంలో రెండు మూడు రోజులు చేయండి. చపాతీలు మాత్రం మానేయండి, మీ చేతులకు విశ్రాంతి. ఒకమాట: ఇప్పటికే షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు మరీ పడిపోవచ్చు. వాళ్లు డాక్టరుకు చెప్పాకే తగ్గించాలి.

ప్ర: గ్రూప్స్‌కి ప్రిపేరవుతూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటున్నా. పొద్దున బండి మీద పూరీనో మైసూర్ బజ్జీనో, మధ్యాహ్నం, రాత్రి హాస్టల్ అన్నం, నీళ్ల పప్పు. టీలు రోజుకు ఐదు. 60 కిలోల బరువున్నా నీరసంగా ఉంటోంది. రూమ్మేట్ ప్రొటీన్ పౌడర్ కొనమంటున్నాడు.
- ఓ నిరుద్యోగి, హైదరాబాద్

జ: పౌడర్ డబ్బులు జేబులోనే ఉంచుకో తమ్ముడూ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. నీ బరువుకు యాభై గ్రాములు. పొద్దున టిఫిన్, హాస్టల్ అన్నం నుంచే ఇరవై దాకా వస్తాయి. పప్పు ఎంత నీళ్లగా ఉన్నా అడుగునుంచి వడ్డించుకుంటే ఐదారు గ్రాములు. రెండు ఉడికించిన గుడ్లతో పన్నెండు, గుప్పెడు వేయించిన పల్లీలతో ఏడు, కప్పు పెరుగుతో ఐదు. యాభై అయిపోయింది. గుడ్లు తినకపోతే పుట్నాలున్నాయి. యాభై గ్రాముల పుట్నాల్లో పది గ్రాములు వస్తాయి, జేబులో పోసుకుని లైబ్రరీకి తీసుకెళ్లొచ్చు.

బండి దగ్గర పూరీ బదులు ఇడ్లీ అడుగు. పెసరట్టు దొరికితే ఇంకా నయం, అది పప్పే కదా. బజ్జీల మూకుడులో నూనె నల్లగా, చిక్కగా కనిపిస్తే ఆ బండి దాటెయ్. ఇక టీ. కప్పుకు రెండు చెంచాల పంచదార అనుకుంటే ఐదు టీలకు నలభై, యాభై గ్రాములు. ఎన్ఐఎన్ చెప్పిన హద్దు ఇరవై ఐదు. టీ రెండుకు తగ్గించు, అవీ అన్నానికి గంట ముందో, గంట తర్వాతో. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా అందనివ్వవు. ఇవన్నీ చేసినా నెలా రెండు నెలల్లో నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. నిద్రెంత పోతున్నావో రాయలేదు. దాని సంగతి నీకే తెలుసు.

ప్ర: గానుగ నూనె మంచిదా, రిఫైన్డ్ మంచిదా? మా పెద్దవాళ్లు నెయ్యి ఓడ్చుకుని తిని నూరేళ్లు బతికారు.
- విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

జ: నమస్కారం మాస్టారూ. నూరేళ్లు బతికినవాళ్ల కథలే మనకు గుర్తుంటాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పైరెండేళ్లకు కాస్త అటూ ఇటూ. అందుకు నెయ్యిని తప్పుపట్టలేం, కలరా, మశూచి, పసిపిల్లల మరణాలు కారణం. కానీ మీ పెద్దల నూరేళ్ల ఆయుష్షును నెయ్యి ఖాతాలో వేయడం కూడా కుదరదు. మీ తాతగారు పొలానికి నడిచి వెళ్లి ఉంటారు, మనం పాల ప్యాకెట్టుకు కూడా స్కూటర్ తీస్తున్నాం.

గానుగ నూనెకు వాసన, రుచి ఉంటాయి, రిఫైనింగ్‌లో పోయే కొన్ని మంచి గుణాలు దాన్లో మిగులుతాయి. కల్తీ లేదని నమ్మకముంటే వాడండి. అయితే గ్రాము నూనెకు తొమ్మిది కిలోక్యాలరీలు, అది ఎద్దుల గానుగలోదైనా ఫ్యాక్టరీదైనా. నూనె ఏదన్న వాదన కన్నా ఎంతన్న ప్రశ్న పెద్దది. లీటరు ప్యాకెట్టు మీద చిన్నక్షరాల్లో 910 గ్రాములని ఉంటుంది చూడండి. రోజుకు 27 గ్రాములంటే మనిషికి నెలకు 810. అంటే ఇంట్లో మనిషికి నెలకో ప్యాకెట్టు కూడా పూర్తిగా అవకూడదు. నెయ్యీ, బయట తిన్న మిర్చిబజ్జీలూ ఇందులోనే. మీ ఇంట్లో నలుగురికి ఆరు ప్యాకెట్లవుతుంటే గానుగా రిఫైన్డా అన్న చర్చ తర్వాత పెట్టుకుందాం.

నూనెలు మార్చి మార్చి వాడడం మంచిది. పల్లీ, నువ్వులు, తవుడు, సన్‌ఫ్లవర్ ఏవైనా రెండు. అన్నంలో చెంచా నెయ్యి వేసుకోండి, లెక్కలో కలపండి. అప్పడాలు వేయించిన నూనెను రేపటి పూరీలకు దాచకండి.

ప్ర: బీపీ ఉంది. ఉప్పు తగ్గించమన్నారు. సైంధవ లవణం వాడితే ఇబ్బంది లేదని యూట్యూబ్‌లో చూశాను. ఆవకాయ లేకుండా ముద్ద దిగదు.
- కర్నూలు

జ: సైంధవ లవణం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు మారింది, అంతే. పైగా అయోడిన్ కలిపి ఉండకపోతే కొత్త చిక్కు. పొటాషియం కలిపిన ‘లో సోడియం’ ఉప్పు కొందరికి పనికొస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు దాన్ని డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు.

రోజుకు ఐదు గ్రాముల ఉప్పు హద్దు. నలుగురికి నెలకు ఆరు వందల గ్రాములు. ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి. కిలో ప్యాకెట్టు నెలకే అయిపోతే తలా ఎనిమిది గ్రాముల పైనే లాగిస్తున్నారన్నమాట. పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు, బిస్కెట్లు, చిప్సుల్లో వచ్చేది వేరే.

ఆవకాయ ఏడాదంతా నిలవ ఉండేది ఉప్పు చలవ వల్లే కాబట్టి అందులో ఉప్పు తగ్గించమని చెప్పలేను. తగ్గిస్తే బూజు పడుతుంది. తినేదే తగ్గించాలి. పప్పులో నంజుకోవడానికి ఊట లేకుండా ఒక చిన్న బద్ద, పూట విడిచి పూట. ఆవకాయన్నం అని ప్రత్యేకంగా కలుపుకోవడం ఆదివారానికి వాయిదా వేయండి. ఆ రోజు పప్పులో, మజ్జిగలో ఉప్పు వేయకండి. రోజూ కావాలనిపించే పులుపు, కారం కోసం రోటిపచ్చళ్లున్నాయి: దోసకాయ, బీరపొట్టు, టమాటా. చింతపండు, పచ్చిమిర్చి బాగా తగిలితే ఉప్పు సగమైనా నాలుకకు అంతగా తెలియదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి, నాలుక సర్దుకుంటుంది. తర్వాత హోటల్ సాంబారే మీకు ఉప్పగా అనిపిస్తుంది.

ప్ర: మా పాపకు తొమ్మిదేళ్లు. ఆకుకూర కనబడితే పళ్లెం తోసేస్తుంది. పాలల్లో చాక్లెట్ పొడి వేస్తేనే తాగుతుంది. హిమోగ్లోబిన్ తక్కువుందన్నారు.
- ఖమ్మం

జ: హిమోగ్లోబిన్ తక్కువని తేలింది కాబట్టి మందు సంగతి పిల్లల డాక్టరే చూడాలి, తిండితోనే సరిపెడదామని ఆగకండి. మీరూ పరీక్ష చేయించుకోండమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం ఉన్నట్టు తేలింది. అందరికీ వడ్డించి, చివర మిగిలిన చారుతో ముగించే అలవాటుకు కూడా ఇందులో వాటా ఉంది.

తోటకూర వేపుడు పెడితే పిల్లలు తోసేస్తారు. అదే తోటకూరో పాలకూరో సన్నగా తరిగి పెసరట్టు పిండిలో, మునగాకు కారప్పొడిగా ఇడ్లీ మీద, మెంతికూర చపాతీ పిండిలో. ఆకుకూరతో పాటు నిమ్మకాయ పిండితేనో, జామపండు తినిపిస్తేనో ఇనుము బాగా ఒంటపడుతుంది. మాంసాహారులైతే వేటమాంసం, కాలేయం అప్పుడప్పుడు పెట్టండి. చాక్లెట్ పొడుల్లో పంచదార వాటా తక్కువేమీ కాదు. ‘హెల్త్ డ్రింక్’ అనే విభాగమే మన ఆహార భద్రతా చట్టంలో లేదు. అందుకే అలాంటి పానీయాలను ఆ పేరుతో చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఈ-కామర్స్ సంస్థలకు చెప్పింది. పొడి ఒక్కసారిగా మానిపిస్తే పాలే మానేస్తుంది. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. పాలు వద్దే వద్దంటే పెరుగు పెట్టండి, గొడవే లేదు.

ప్ర: చద్దన్నం మంచిదని ఇప్పుడు అందరూ అంటున్నారు. షుగరున్నవాళ్లు తినొచ్చా?
- రాజమహేంద్రవరం

జ: వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండిపదార్థం తేలిగ్గా అరగని రకంగా మారుతుంది. పులిస్తే పేగులకు మేలుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ కాస్త లాభం ఉన్నమాట నిజం. అయినా అది అన్నమే, మధ్యాహ్నం తినే అన్నం లెక్కలోంచి తీసేయాలి. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి పెట్టుకోండి, మాగాయ వద్దు. ఎండాకాలంలో అన్నం పొయ్యి మీంచి దించాక గంటల తరబడి గిన్నెలో వదిలేసి, ఆ తర్వాత మజ్జిగ పోయకండి. వేడి తగ్గగానే నీళ్లో మజ్జిగో పోసి మూతపెట్టండి. తెల్లారేసరికి జిగటగా సాగినా, వాసన తేడాగా వచ్చినా పారేయండి.

ప్ర: రాత్రిపూట పెరుగు తినకూడదా? భోజనం కాగానే పండు తింటే విషమా?
- నిజామాబాద్

జ: రెండూ తినొచ్చు.