రాజుగాడి హాస్టల్ ప్రిపరేషన్

వేసవిలో పొదిలి ఇంటికి తాళం వేసి అందరం వారం రోజులు ఊరెళ్తున్నాం. రాజుగాడిని ఒంగోల్లో కుక్కల బోర్డింగ్‌లో దింపాలి. వాడికి 10 ఏళ్లు, ఇల్లు తప్ప ఇంకో చోటు తెలీదు.

ఫ్రెండ్స్, తయారీ నెల ముందే మొదలవ్వాలి. టీకా వేసిన రోజే రక్షణ రాదు. యాంటీబాడీలు తయారవడానికి 2-3 వారాలు పడుతుంది. రేబీస్ ఒక్కటే చాలదు, డిస్టెంపర్, పార్వో కూడా చూసుకోవాలి. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. నలుగురి కుక్కలూ తిరిగే చోట అసలు భయం దానిదే.

మావాడేమో పెరుగన్నం బ్యాచ్, అక్కడ పెట్టేది ప్యాకెట్ తిండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలే! అందుకే వారం పాటు అన్నం కాస్త కాస్త తగ్గిస్తూ అది కలిపాం. తర్వాత ఒక్క రాత్రికి ట్రయల్ (టెస్ట్ చెయ్యకుండా కోడ్ వదులుతామా?). తోడుగా నాన్న ఉతకని లుంగీ ఇచ్చాం, వాసన కోసం. తెల్లారి ఫోన్ చేస్తే, గిన్నెలో సగం అలాగే ఉందట, లుంగీ మీద మాత్రం బాగానే పడుకున్నాడట. ఇంకో ట్రయల్ వేస్తున్నాం.