బలవంతానికి గురైన బిడ్డ దోషి కాదు

అజ్ఞానకాలంలో కొందరు యజమానులు ధనాశతో తమ బానిస స్త్రీలను వ్యభిచారంలోకి నెట్టేవారు. మదీనా కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబై కూడా అలా చేసేవాడని హదీసులు తెలుపుతున్నాయి. దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 33వ ఆయత్ ఈ దుర్మార్గాన్ని నిషేధించింది. బలవంతానికి గురైనవారికి అల్లాహ్ క్షమాపణ, కారుణ్యం ఉన్నాయని కూడా తెలిపింది.

ఈనాడు ఆ యజమాని స్థానంలో ఫోన్‌లో పరిచయమైన అపరిచితుడున్నాడు. స్నేహం నటిస్తాడు. ఫోటో పంపమంటాడు. తర్వాత దాన్నే చూపి బెదిరిస్తాడు. అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ ఈ ఉచ్చులో చిక్కుతున్నారు. బిడ్డ ఏడుస్తూ సంగతి చెప్పినప్పుడు, "ఇంటి ఇజ్జత్ తీశావు" అని మనం అంటే ఆ బిడ్డ మళ్ళీ నోరు విప్పదు. బెదిరించేవాడికి కావలసిందీ అదే.

"సాటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచమన్నారు కదా, బయట చెప్పడమెందుకు?" అని కొందరు అడుగుతారు. కాపాడవలసింది బిడ్డ మానాన్ని, దుర్మార్గుని నేరాన్ని కాదు. దౌర్జన్యపరుణ్ణి దౌర్జన్యం నుండి ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (స) బోధించారు. వాణ్ణి వదిలేస్తే రేపు మరో ఇంటి బిడ్డ మీద పడతాడు.

కనుక తల్లిదండ్రులు ఇలా చేయాలి:

1. ముందు బిడ్డను అక్కున చేర్చుకోండి. "తప్పు నీది కాదు" అని చెప్పండి.

2. బెదిరించేవాడికి డబ్బు ఇవ్వకండి. వాడి సందేశాలు, ఖాతా పేరు, ఫోన్ నంబరు చెరిపివేయకండి. బిడ్డ ఫోటోను మాత్రం ఎవరికీ పంపకండి.

3. 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసం రేయింబవళ్ళు పనిచేసే ఉచిత నంబరు ఇది. పోలీస్ స్టేషన్‌లో గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు.

4. 18 ఏళ్ళ లోపు వారికి 2012 నాటి పోక్సో చట్టం రక్షణగా ఉంది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దనే తీసుకోవచ్చు. ఆ పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ పేరు, ఊరు పత్రికల్లో రాకూడదు.

5. ఫోటో వ్యాపించకుండా ఆపడానికి 2023లో మొదలైన 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటి పోదు. దాని గుర్తు సంఖ్య మాత్రమే వెళుతుంది. ఆ గుర్తుతో, ఈ సేవలో చేరిన సంస్థలు తమ వేదికలపై ఆ ఫోటోను పట్టి తొలగిస్తాయి.

6. బిడ్డ మనసు కుదుటపడడానికి కౌన్సెలింగ్ అవసరం. హైదరాబాద్‌లో 2016లో ప్రారంభమైన భరోసా కేంద్రంలో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసహాయం ఒకేచోట లభిస్తాయి. దుఆ చేయండి, చికిత్సా చేయించండి.

బలవంతానికి గురైనవారిని అల్లాహ్ తన కారుణ్యం నుండి దూరం చేయలేదు. మరి వారిని ఇంటి కారుణ్యం నుండి దూరం చేయడానికి మనమెవరం? మన పిల్లలు ఆపదలో మొదట మన దగ్గరికే పరుగెత్తి వచ్చేలా అల్లాహ్ మన ఇళ్ళను తీర్చిదిద్దుగాక! ఆమీన్.