పాఠం 14: గోడమీది అడవి

14.1 ముందుగా ఒక చిన్న పని

పాఠం చదవడానికి ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. బయటికి చూడకుండా, ఎవరినీ అడగకుండా ఒక కాకి బొమ్మ గీసి రంగు వేయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. దీనికి మార్కులు లేవు.

మీలో చాలామంది కాకిని నిండా నల్లగా వేసి ఉంటారు. ఇప్పుడు బయటికి వెళ్లి మీ ఇంటి చుట్టూ తిరిగే కాకిని చూడండి. దాని మెడ బూడిదరంగులో ఉంటుంది. ఒళ్లంతా నల్లగా ఉండేది వేరే రకం కాకి. దాని ముక్కు మరింత లావుగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పక్షి మెడ ఏ రంగో మనకు తెలియలేదు. కాకి అరిస్తే చుట్టాలొస్తారనుకుంటాం, వడియాల మీద వాలితే తోలేస్తాం. అంతకుమించి దానితో మనకు పని పడలేదు. బొమ్మ గీయాలంటే మాత్రం మెడ దగ్గరికి రాగానే పెన్సిలు ఆగుతుంది. అక్కడ ఏముందో చూడక తప్పదు.

ఇదే పని మీ ఇంట్లోని పిల్లల చేత కూడా చేయించండి. జిరాఫీ, పెంగ్విన్ అని గడగడా చెప్పే పిల్లలు పెరట్లో వాలిన పిట్ట పేరు చెప్పలేకపోవడం మీరు చూసే ఉంటారు. తప్పు వాళ్లది కాదు. పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. పాఠాలు వచ్చాయి, పరీక్షలూ వచ్చాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏ సంవత్సరంలో వచ్చిందంటే పిల్లలు 1972 అని సరిగ్గానే రాస్తారు. కాకి మెడ రంగు మాత్రం ఎవరూ అడగరు.

14.2 పాటన్‌గఢ్ గోడలు

మధ్యప్రదేశ్‌లోని దిండోరీ జిల్లాలో పాటన్‌గఢ్ అనే గ్రామం ఉంది. అక్కడ గోండులు, వారికి వంశగాథలు పాడే పర్ధానులు నివసిస్తారు. పర్ధానులు బానా అనే తంత్రీవాద్యం మీద కథలు పాడతారు. వారి పెద్ద దేవుడైన బడాదేవ్ ఒక చెట్టులో ఉంటాడని నమ్మకం. వారు సాజా అనే ఆ చెట్టును మనం నల్లమద్ది అంటాం. మన ఆదిలాబాదు ప్రాంతపు గోండులకూ పర్ధానులే కథలు పాడతారు. ఇక్కడి వాద్యం కిక్రి. దీపావళి రోజుల్లో నెమలి ఈకల కిరీటాలు ధరించి గుస్సాడీ ఆడేదీ ఈ గోండులే.

పాటన్‌గఢ్ స్త్రీలు అలికిన గోడల మీద తెల్లమట్టితో, ఎర్రమట్టితో దిగ్నా అనే ముగ్గులు వేస్తారు. ఆ ఊళ్లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేదరికం వల్ల చిన్నతనంలోనే బడి మానేసి గేదెలు కాశారు. భోపాల్‌లో భారత్ భవన్ 1982లో ప్రారంభమైంది. ఆ రోజుల్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పల్లెల్లోని కళను వెతకడానికి యువ కళాకారులను పంపారు. వారు ఒక ఇంటి గోడమీద బొమ్మ చూసి ఆగిపోయారు. అది జన్‌గఢ్ వేసినది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. 1989లో ఆయన చిత్రాలు పారిస్‌లో ప్రదర్శనకు వెళ్లాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఊరికి దూరంగా అక్కడే మరణించారు. నలభై ఏళ్లయినా నిండలేదు.

ఆ బొమ్మల్లో జింక కొమ్ములు సాగి చెట్టుకొమ్మలవుతాయి. కొమ్మల మీద పక్షులు వాలతాయి. ఒంటినిండా సన్నని చుక్కలో, పొట్టి గీతలో, గింజల్లాంటి ఆకారాలో ఉంటాయి. ఒక్కో చిత్రకారుడిది ఒక్కో తీరు. సంతకం చూడకుండానే ఎవరిదో చెప్పవచ్చు. ఒక జింకను చుక్కలతో నింపాలంటే ఎంత సమయం పడుతుందో ఊహించండి. అంతసేపూ గీసేవారి మనసు ఆ జింక దగ్గరే ఉంటుంది. నా దృష్టిలో ఈ కళ వల్ల మనకు కలిగే పెద్ద ప్రయోజనం ఇదే. బొమ్మలు వేస్తే అడవి పెరుగుతుందని ఈ పాఠం చెప్పడం లేదు.

14.3 ఊరు విడిచిన తరువాత

జన్‌గఢ్ బాటలో ఆ ఊరివారు ఎందరో భోపాల్ చేరి బొమ్మలతో బతుకుతున్నారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. నగరంలో పుట్టిన పిల్లవాడు తండ్రి వేసిన బొమ్మను చూసి జింకను గీస్తాడు. గీత కుదురుతుంది, బొమ్మ అమ్ముడవుతుంది. కాని ఆ పిల్లవాడికి జింక తెలుసునని అనగలమా?

దీనికి ఒక జవాబు భజ్జూ శ్యామ్ చిత్రాల్లో దొరుకుతుంది. ఆయన లండన్ వెళ్లి వచ్చి వేసిన బొమ్మలు 2004లో పుస్తకంగా వచ్చాయి. అక్కడి పెద్ద గడియారపు గోపురాన్ని ఆయన కోడిపుంజుతో కలిపి గీశారు. ఊళ్లో పొద్దు చెప్పేది కోడే కదా! అంటే ఊరు విడిచినా, చిన్ననాడు గమనించినది చేతిలో మిగిలింది. చిన్ననాడు గమనించే అవకాశమే లేని పిల్లల సంగతి ఏమిటి? అడవికి తీసుకువెళ్లడం అందరికీ సాధ్యం కాదు. వీధి చివర వేపచెట్టు దాకా వెళ్లడం సాధ్యమే.

14.4 చేసి చూడండి

ఒక వేపాకు తెంపి ముందు పెట్టుకోండి. ఒక ఈనెకు రెండువైపులా వరుసగా ఉన్న చిన్న ఆకులన్నీ కలిస్తేనే ఒక ఆకు. ఒక్కో చిన్న ఆకు అంచు రంపంలా ఉంటుంది. దాని నడిమి ఈనె సరిగ్గా మధ్యలో ఉండదు, ఒకవైపుకు జరిగి ఉంటుంది. గీసేటప్పుడే ఇది తెలుస్తుంది. రంగుల పెట్టె కొననక్కరలేదు. పొయ్యిలోని బొగ్గు, జాజు, సున్నం చాలు. గోడ మీది కాకపోతే అద్దె ఇంటివారిని ముందే అడగండి!

పిల్లలతో కలిసి ఒకే చెట్టును నెలరోజుల పాటు వారానికొకసారి గీయండి. ప్రతి బొమ్మ కింద తేదీ వేయండి. ఏ పిట్ట వచ్చిందో, ఏ కొమ్మన కూర్చుందో రాయండి. పేరు తెలియకపోతే రంగు, పరిమాణం రాసి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. గూళ్లను ముట్టుకోవద్దు.

పాఠగత ప్రశ్నలు

1. మొదట వేసిన కాకి బొమ్మను, చూసిన తరువాత వేసిన బొమ్మను పక్కపక్కన పెట్టండి. తేడాలు నాలుగు వాక్యాల్లో రాయండి.
2. మగపిచ్చుకకు గొంతు కింద నల్లమచ్చ ఉంటుంది, ఆడపిచ్చుకకు ఉండదు. మీ వీధిలో పిచ్చుకలు ఉన్నాయా? లేకపోతే, చివరిసారి ఎప్పుడు కనిపించాయో ఇంట్లో పెద్దవారిని అడిగి రాయండి.