పొరపాటున మన యింటికి వచ్చిన సరుకు

నేటి దినములలో అంగడికి పోయి బేరమాడి కొనుట కొంత తగ్గినది. దూరముననున్న వర్తకుడు సరుకును పంపగా, కొనువాడు తన గుమ్మమునొద్దనే దానిని అందుకొనుచున్నాడు. ఇట్టి వ్యాపారమునందు ఒకరి పార్సెలు మరియొకరికి చేరుట, కోరినదొకటి వచ్చినదొకటి యగుట, లెక్కకు మించి వచ్చుట కలుగుచుండును. అట్టి సమయమున కొనువాని విధి యెట్టిదో మన దేశపు చట్టములు చెప్పుచున్నవి. విద్యార్థులు దీనిని తెలిసికొనుట ప్రయోజనకరము.

ఒక విద్యార్థి 300 రూపాయలు చెల్లించి నిఘంటువును తెప్పించుకొనెననుకొందము. పెట్టె విప్పగా అందులో విలువగల చేతిగడియార ముండెను. “నేను దొంగిలింపలేదు, వారే పంపిరి, కావున ఇది నాదే” యని అతడు తలచుట న్యాయమా? కాదు. పొరపాటున ఒకనికి సొమ్ము చెల్లింపబడినను, వస్తువు అప్పగింపబడినను, అతడు దానిని తిరిగి యీయవలెనని 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 72వ సెక్షను విధించుచున్నది. పరుల సొత్తని యెరిగియు దురుద్దేశముతో దానిని సొంతము చేసికొనుట నేరము కూడ కాగలదు. ఈ నేరము పూర్వము భారత శిక్షాస్మృతి 403వ సెక్షనులో నుండెను. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షనులో నున్నది.

అట్లయిన వర్తకుని పొరపాటునకు కొనువాడు కూలి యిచ్చి సరుకును మోయించి పంపవలెనా? అదియును కాదు. తిరస్కరించుటకు హక్కుగల సరుకును కొనువాడు తిరస్కరించినప్పుడు, వేరొక ఒప్పందము లేనియెడల, దానిని తిరిగి పంపు భారము అతనిది కాదనియు, తిరస్కరించితినని తెలియజేసిన చాలుననియు 1930వ సంవత్సరపు సరుకుల విక్రయ చట్టము 43వ సెక్షను చెప్పుచున్నది. కావున కొనుటకు ముందే కంపెనీవారి షరతులను చదువుట మంచిది.

లెక్క తప్పి వచ్చిన సరుకునుగూర్చి ఆ చట్టమే 37వ సెక్షనులో మార్గము చూపినది. 40 నోటుపుస్తకములు కోరగా 60 వచ్చెననుకొందము. 40 ఉంచుకొని తక్కిన 20 తిరస్కరింపవచ్చును. లేదా అన్నిటిని తిరస్కరింపవచ్చును. అరువదియు స్వీకరించినచో, ఒప్పుకొన్న ధర చొప్పున అరువదింటికిని వెల చెల్లింపవలెను.

ఇక కొనువాని విధులు నాలుగు.

మొదటిది, వెంటనే తెలుపుట. తగినంత కాలము గడచినను మాటాడక సరుకును ఉంచుకొన్నచో, స్వీకరించినట్లే చట్టము భావించును. కావున ఆర్డరు సంఖ్య, వచ్చిన తేదీ, వస్తువు ఫోటోలు చేర్చి వ్రాతమూలకముగా తెలుపవలెను. పైన పరుల పేరున్న పార్సెలును విప్పకుండుట మేలు. అది యొక రోగి యెదురుచూచు ఔషధమే కావచ్చును. మన యాలస్యము అతనికి హాని కాగలదు.

రెండవది, భద్రపరచుట. పరుల వస్తువును అప్పగింతగా ఉంచుకొన్నవాడు, వివేకముగల సామాన్యుడు అట్టి తన సొంత వస్తువును కాపాడుకొనునంత శ్రద్ధతో దానిని కాపాడవలెనని కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను చెప్పును. మనకును ఆ కొలతయే తగినది. వాడరాదు, అమ్మరాదు, ఇతరులకు ఈయరాదు.

మూడవది, తీసికొనిపోవుటకు అడ్డుపడకుండుట. ఇరువురకు అనుకూలమైన దినమును నిర్ణయించి, ఆనాడు సరుకును సిద్ధముగా నుంచవలెను.

నాలుగవది, రసీదు పొందుట. వచ్చినవాడు కంపెనీ పంపినవాడేనా యని విచారించి, ఇచ్చినట్లు గుర్తును పుచ్చుకొనవలెను. సరుకు తీసికొనిపోవు నెపమున బ్యాంకు రహస్య సంఖ్యల నడుగువారికి వానిని చెప్పరాదు.

మనము చెల్లించిన 300 రూపాయల మాట వేరు. నిఘంటువునో, సొమ్మునో కోరుట మన హక్కు. ఒప్పుకొన్న లక్షణములు లేని సరుకును విక్రేత తిరిగి తీసికొననని గాని, సొమ్ము వాపసు ఈయనని గాని చెప్పరాదని 2020వ సంవత్సరపు ఇ-కామర్సు నియమములు విధించినవి. ఎన్నిమారులు తెలిపినను వారు రాకున్నచో, గడువు పెట్టి మరల వ్రాయవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి జిల్లా కమిషనును ఆశ్రయింపవచ్చును. అంతేకాని కోపముతో గడియారమును అమ్మి సొమ్ము రాబట్టుకొనుట తగదు.

విద్యార్థులారా, తప్పు వారిదైనను సొత్తు మనది కాదు. సొత్తు వారిదైనను దానిని మోయు భారము మనది కాదు. ఈ రెండు వాక్యములను కలిపి జ్ఞాపకముంచుకొన్నవాడు ఒకరిని మోసగింపడు, తాను మోసపోడు.