ముసురు పట్టకముందే ముసలి చెట్ల సంగతి

మృగశిర చినుకులతో నేల పదునెక్కితే వికారాబాద్, తాండూరు రైతుల ధ్యాసంతా కంది, పత్తి, మక్క విత్తనాల మీదే ఉంటుంది. వాకిట్లో తాత నాటిన వేప, దొడ్లో చింత, బాయి పక్కన మామిడి ఎవరికీ గుర్తురావు. గాలివానకు కొమ్మ విరిగి రేకుల మీద పడితే తప్ప. అనంతగిరి చుట్టుపక్కల ఎండ తీవ్రత కాస్త తక్కువ, తేమ కాస్త ఎక్కువ. ముసురు పట్టిందంటే రోజుల తరబడి బెరడు తడి ఆరదు. పడుచు చెట్టుకు అది పండగే. 40, 50 ఏళ్లు దాటిన చెట్టుకు మాత్రం పుచ్చు, బూజు, చెదలు అన్నీ ఈ నాలుగు నెలల్లోనే పైకొస్తాయి.

తాండూరులో ముసలి చెట్టుకు మొదటి శత్రువు పురుగు కాదు, బండ. నాపరాయి పుట్టిన ఊరు కాబట్టి వాకిలంతా బండలు పరిచి, సందుల్లో సిమెంటు పూసి, వేప మొదలును నాలుగు వైపులా బిగించేస్తారు. ఊడ్చుకోవడం తేలికే. కానీ చెట్టు నీళ్లు తాగే సన్నవేర్లు పాతాళంలో ఉండవు. చాలామటుకు పైనున్న రెండడుగుల మట్టిలోనే అల్లుకుని, కొమ్మల నీడ దాటి పోతాయి. ఆ మట్టికి గాలి ఆడకపోతే వేరు చస్తుంది. వేరు చచ్చిన సంగతి పైన తెలియడానికి ఏళ్లు పడుతుంది. ముందు చిటారు కొమ్మలు ఎండుతాయి, తర్వాత ఆకు పలచబడుతుంది. ఇంటివాళ్లేమో ముసలిదైపోయింది, అంతేలే అనుకుంటారు. బండలు వేసి ఎన్నేళ్లయిందో లెక్క చూసుకునేవాళ్లు అరుదు.

వానలకు నేల మెత్తబడ్డాక మొదలు చుట్టూ కనీసం నాలుగడుగుల మేర బండలు లేపేయాలి. గట్టి నేలలో గడ్డపారతో పెకిలిస్తే బండతో పాటు వేరూ తెగుతుంది. లేపిన చోట పైమట్టిని రెండంగుళాలకు మించకుండా గుల్లచేసి, మాగిన పశువుల ఎరువు చల్లి, మూడంగుళాల మందాన ఎండుటాకు పరిస్తే చాలు. ఆ ఆకు మొదలుకు ఆనకూడదు, జానెడు ఎడం వదలాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. చెట్టుకు బలమని మొదలు చుట్టూ మోకాలెత్తు మట్టి పోస్తారు. తడిమట్టి ఒరుసుకుని బెరడు కుళ్లుతుంది. మిగతా వాకిట్లో బండలు వేసుకోవచ్చు, ఇసుక మీద పరిచి సందులకు సిమెంటు పూయకుండా వదిలేస్తే నీరు దిగుతుంది.

తాండూరు వైపు చాలాచోట్ల నల్లరేగడి కింద కొద్ది అడుగుల్లోనే రాతి పొర తగులుతుంది. వేరు లోతుకు దిగలేక పక్కలకు పాకుతుంది. వాననీరు కూడా ఆ పొర మీదే ఆగి జాలు పడుతుంది. జాలు నీరు పోవడానికి సన్న కాలువ తీయాల్సిందే, కాకపోతే కొమ్మల అంచు దాటాక తీయాలి. నల్లా పైపు కోసమో ప్రహరీ పునాది కోసమో చెట్టు పక్కనే తవ్వేవాళ్లు ఒక కొలత గుర్తుపెట్టుకుంటే మంచిది. మొదలు అడ్డుకొలతకు మూడింతల దూరంలోపు పెద్ద వేరు నరికితే ఆ చెట్టు గాలికి నిలవడం అనుమానమే. ఒకటిన్నర అడుగుల వేపకు నాలుగున్నర అడుగులన్నమాట. అంతకు ఎంత దూరం జరిగితే అంత మేలు.

పాలిష్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లని రాతి బురదను గుంతలు పూడ్చడానికి తెచ్చి చెట్టు కింద పోయడం ఇంకో అలవాటు. అది ఆరితే గచ్చులా గట్టిపడుతుంది. పైగా సున్నపు గుణం వల్ల ఇనుము అందక జామ, మామిడి లేతాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కుతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే ఆకు తేరుకుంటుంది. బురద ఎత్తిపోయకుండా మందు కొడుతూ కూర్చుంటే మాత్రం ఏటా కొట్టాల్సిందే.

ముసలి చెట్టును కాపాడుకోవచ్చా అని అడిగేవాళ్లు పొరుగున ఉన్న మహబూబ్‌నగర్‌కు వెళ్లి పిల్లలమర్రిని చూడొచ్చు. సుమారు 700 ఏళ్ల వయసున్నదని చెప్పే ఆ మర్రి దాదాపు మూడెకరాల్లో పరుచుకుంది. చెదలు తొలిచేయడంతో 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, సందర్శకులను ఆపేశారు. కాండానికి రంధ్రాలు చేసి మందు పోస్తే నిలవకుండా బయటికొచ్చేసింది. 2018లో ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, పలచన చేసిన క్లోరోపైరిఫాస్‌ను చుక్కచుక్కగా ఎక్కించారు. బరువు కొమ్మల కింద ఆసరాగా సిమెంటు దిమ్మెలు కట్టారు. చెట్టు కోలుకుంది. ఇంటి చెట్టుకు సీసాల దాకా పోనవసరం లేదు. మట్టిగూళ్లను గీకేసి, చెదలు ఏ ఎండుకొమ్మ నుంచి లోపలికి దిగిందో వెతికి దాన్ని తీసేయడమే సగం పని.

ఆ తీసేయడంలో ఒక పద్ధతుంది. కొమ్మ కాండంలో కలిసే చోట మడతలు పడ్డ ఉబ్బెత్తు పట్టీ ఒకటి కనిపిస్తుంది. చెట్టు గాయాన్ని మూసుకునేది దానితోనే. కాండానికి సమంగా, నున్నగా కోసేస్తే ఆ పట్టీ పోయి, పుచ్చు కాండంలోకి దిగుతుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి తేల్చిన సంగతిది. చెట్టు కుళ్లిన భాగాన్ని బాగుచేసుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుని పక్కన కొత్త కర్ర వేసుకుంటుంది. తొర్రను శుభ్రం చేస్తామంటూ ఉలితో మంచి కర్ర దాకా చెక్కి సిమెంటు నింపితే ఆ గోడే కూలుతుంది. తొర్రలో వదులుగా ఉన్న పొట్టు తీసి వదిలేయడమే మేలు.

పెద్ద కొమ్మను మూడు కోతల్లో దించాలి. పట్టీకి అడుగు దూరంలో ముందు కింది నుంచి పావువంతు, కాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరకు మిగిలిన మోడును పట్టీ అంచున. గొడ్డలితో ఒక్క వేటున నరికితే బెరడు కాండం పొడుగునా చీలుకొస్తుంది. వాన వరపిచ్చిన రోజు చూసుకుని కోయాలి.

కోత మీద బోర్డో పేస్టు పూయొచ్చు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల పొడిసున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా, ప్లాస్టిక్ బకెట్లలోనో మట్టికుండల్లోనో కరిగించి కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక ఒక ఇనుప కత్తిని ముంచి తీస్తే దాని మీద ఎర్రటి పూత కనిపించిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త వేయాలి. ఫ్రాన్స్‌లో దారిన పోయేవాళ్లు ద్రాక్షలు కోసుకోకుండా తోట అంచున పూసిన మందు ఇది. బూజు తెగులు ఆ అంచు తీగలకే రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు.

మామిడి మొదట్లో రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు లోపల ఉన్నట్టే. కొక్కెం వంచిన తీగను రంధ్రంలోకి పోనిచ్చి పురుగును లాగేయాలి. తర్వాత పెట్రోలులో తడిపిన దూదిని కుక్కి, బంకమట్టితో మూసేయాలి. అంతకుముందు సిఫారసు చేసిన డైక్లోరోవాస్‌పై నిషేధం ఉంది, పాత డబ్బా అటకమీద దొరికినా వాడొద్దు. వేప చివుళ్లు మాడిపోతే ఆదరాబాదరాగా నరకొద్దు. 2021లో తెలంగాణ అంతటా వేపలు కాల్చినట్టు ఎండినప్పుడు చెట్టు చచ్చిందనుకున్నవాళ్లే, తర్వాత వాటిలో చాలావరకు మళ్లీ చిగురించడం చూశారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ కారణాలు.

భయపడాల్సింది వేరొకదానికి. మొదట్లో నేలకు ఆనుకుని గట్టి, అరచేయంత గోధుమరంగు పుట్టగొడుగులు పుడితే వేరు, మొదలు లోపల కుళ్లుతున్నాయని గుర్తు. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది. కర్ర సుత్తితో చుట్టూ కొట్టి చూడాలి, డొల్ల శబ్దం ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా పోయినట్టు. డొల్ల ఉన్నంత మాత్రాన కొట్టేయనవసరం లేదు. రెండడుగుల అడ్డుకొలత చెట్టుకు చుట్టూ నాలుగంగుళాల గట్టి కర్ర మిగిలుంటే నిలుస్తుంది. అంతకు తగ్గితే, లేదా గాలికి మొదలు దగ్గర నేల పగులు బారితే ఆ నీడన పశువుల్ని కట్టొద్దు.

ముసలి చింతల సత్తువను తక్కువ అంచనా వేయకూడదు కూడా. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టును పట్టుకుని సుమారు 150 మంది బతికారు. చెట్టు ఆ తర్వాత వందేళ్లు దాటినా నిలిచే ఉంది.

ఇక తప్పదనుకుంటే కొట్టే ముందు రెండు పనులు. కొన్ని జాతులు మినహా ఇంటి చెట్టుకైనా 2002 నాటి వాల్టా చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. కరెంటు తీగలకు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీయించి, సరఫరా ఆగిందని అతనే చెప్పాక చెట్టెక్కాలి. తడికొమ్మ తీగకు తాకితే దాంట్లోనూ కరెంటు పారుతుంది, గడకర్రతోనైనా కదపొద్దు.