ఇంటి కంప్యూటరులో కాగితముల పొందిక

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులకెక్కించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూను 29న ఆమోదించినది. 'మీభూమి' నుండి దింపుకొన్న అడంగలు, 1-బి నకళ్లు నేడు పలువురు రైతుల యిండ్లలో కంప్యూటరునందే యుండుచున్నవి. ఋణమునకు పోవు దినమున దొరకనిచో అవి యుండియు లేనట్లే. కావున సభ్యులు ఈ క్రింది మూడు విషయములను గమనింపవలెనని కోరుచున్నాము.

1. అమరిక: భూమి, ఋణము, పంట అను మూడు ఫోల్డరులు చాలును. ఫైలు పేరునందు మొదట సంవత్సరము, పిదప నెల, తేది, తరువాత సర్వే నంబరు వ్రాయవలెను. '2025-06-14 అడంగలు 112' అని యున్నచో పేర్ల వరుసయే తేదీల వరుస యగును.

2. ఆరంభము: స్విచ్చి వేసినంతనే పెక్కు ప్రోగ్రాములు తమంత తామే లేచుటచే యంత్రము మందగించును. విండోస్ 10, 11లలో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కిన టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందలి స్టార్టప్ పట్టికలో అనవసరమైన వానిని 'డిజేబుల్' చేయవలెను. ఇందువలన ప్రోగ్రాము చెరగిపోదు. మనము పిలిచినపుడే వచ్చును. వైరసునుండి కాపాడు ప్రోగ్రామును మాత్రము ఆపరాదు.

3. నకలు: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినపుడు ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు కూలినవి; దినముల తరబడి విద్యుత్తు లేదు. అట్టి యాపదలో తడిసిన యంత్రము మరల పనిచేయునను నమ్మకము లేదు. విత్తనమునంతయు ఒకే గాదెలో నుంచము గదా! నెలకొకసారి పెన్‌డ్రైవునకు నకలు తీసి, తెరచి సరిచూచుకొని, వేరొక యింట భద్రపరుపవలెను.

చదువుకొను పిల్లల సాయముతో ఒక్క పూట ఈ పని ముగించుకొన్నచో, సంఘ కార్యదర్శి అడిగిన కాగితము తడవుకొననక్కరలేక చేతికందును.