ఈల ఉంటేనే ఆట

ఫుట్‌బాల్ ఆటకు బంతి, మైదానం, ఇరవై ఇద్దరు ఆటగాళ్లు ఉంటే చాలుననిపిస్తుంది. కాని నిబంధనల ప్రకారం ప్రతి ఆటకు తీర్పు చెప్పే రెఫరీ ఒకరు ఉండాలి. జెండాలు పట్టుకొని గీతల వెంబడి పరుగెత్తే సహాయకులు మరి ఇద్దరు. పూర్వం ఇంగ్లాండులో జట్టుకొక అంపైరు ఉండేవాడు. ఇద్దరి మాట కలవనప్పుడు బయట నిలబడిన రెఫరీని అడిగేవారు. 1891లో రెఫరీ మైదానంలోకి వచ్చాడు. అంపైర్లు గీత దగ్గరకు జరిగారు.

పెద్ద పోటీలకు రెఫరీల కొరత ఉండదు. చిక్కంతా చిన్న ఊళ్లలో స్త్రీలు ఆడుకొనే లీగులకే. రెఫరీకి ఇచ్చే భత్యం కొద్ది. సెలవు రోజు పోతుంది. తిట్లు మాత్రం దండిగా దొరుకుతాయి. అందుకే కొత్తగా నేర్చినవారిలో చాలామంది కొద్ది ఏళ్లకే ఈల పక్కన పెడతారు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. వేలూరులో మూడు, గుడియాత్తంలో మూడు స్త్రీల జట్లు ఉన్నాయనుకోండి. రెండు ఊళ్ల నడుమ దూరం ముప్పై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ప్రతి జట్టు మిగిలిన అయిదింటితో ఒక్కొక్కసారి ఆడితే మొత్తం పదిహేను ఆటలు. ఒకే రోజు మూడు మైదానాల్లో మూడు ఆటలు పెడితే అయిదు ఆదివారాలు చాలు. అయితే అందుకు తొమ్మిదిమంది కావాలి. ఉన్నది ముగ్గురే అయితే?

ఆ ముగ్గురు వంతులవారీగా ఈల, జెండాలు మార్చుకొన్నా రోజుకు రెండు ఆటలకు మించి నడపలేరు. వేలూరు ఎండ అందరికీ తెలిసిందే. ఉదయం ఒక ఆట, సాయంత్రం ఒక ఆట అంతే. పొరుగూరి పిల్లలు తెల్లవారకముందే బస్సెక్కలేరు గనుక ఉదయం ఆట ఒకే ఊరి జట్ల మధ్య జరగాలి. రెండు ఊళ్ల జట్లు తలపడే ఆటను మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెడితే, విరామంతో కలిపి అయిదుంబావుకు ముగుస్తుంది. చీకటి పడకముందే బస్సు అందుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. ఇంటికి ఆలస్యంగా చేరిన అమ్మాయిని మరుసటి వారం పంపడానికి పెద్దలు వెనుకాడతారు.

ఒకే ఊరి జట్ల ఆటలు ఆరు, రెండు ఊళ్ల నడుమ ఆటలు తొమ్మిది. కనుక తొమ్మిది ఆదివారాలు పడతాయి. ఉదయం ఏ ఊళ్లో ఆట జరిగితే సాయంత్రం ఆట కూడా అక్కడే పెట్టాలి. లేకపోతే రెఫరీలకు బస్సు ప్రయాణంతోనే సరిపోతుంది. మైదానాలను చూసుకొని పట్టిక రాసి, తరువాత రెఫరీలను వెదకడం చాలాచోట్ల అలవాటు. కొరత ఉన్నచోట ముందు రెఫరీల పేర్లు రాసి, వారి చుట్టూ ఆటలు అల్లడమే తెలివైన పద్ధతి.

సహాయకులు దొరకని రోజున ఆట లేని జట్టునుంచి ఇద్దరు జెండాలు పట్టుకోవచ్చు. బంతి గీత దాటిందా లేదా అన్నంతవరకే వారిని నమ్ముతారు. ఆఫ్‌సైడు తీర్పు రెఫరీదే. పక్షపాతమన్న మాట రాకుండా ఈ ఏర్పాటు.

ఇది పైమెట్టు కాబట్టి, అసలు మార్గం వేరే ఉంది: ఆడేవారే ఈల నేర్వడం. 1991లో చైనాలో జరిగిన మొదటి స్త్రీల ప్రపంచకప్‌లో మూడవ స్థానపు ఆటకు బ్రెజిల్ దేశపు క్లాడియా వాస్కోన్‌సెలోస్ రెఫరీగా నిలిచారు. 1999 ప్రపంచకప్‌నాటికి రెఫరీలందరూ స్త్రీలే. తమిళనాడులో దిండిగల్లుకు చెందిన రూపాదేవి క్రీడాకారిణిగా మొదలుపెట్టి 2016లో ఫిఫా రెఫరీల జాబితాకు ఎక్కారు. ఈ రాష్ట్రంనుంచి ఆ స్థాయి చేరిన మొదటి మహిళ ఆమె.

మన పట్టికకే తిరిగి వద్దాం. గుడియాత్తంలో మరో ముగ్గురు శిక్షణ పొందితే ఒకే రోజు రెండు ఊళ్లలోనూ ఆటలు జరుగుతాయి. తొమ్మిది ఆదివారాల పని ఆరింటిలో తీరుతుంది. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక జనవరిలో మొదలైన లీగు, సంక్రాంతికి ఒక వారం విడిచినా ఫిబ్రవరి మధ్యకల్లా ముగుస్తుంది. తొమ్మిది వారాలైతే మార్చి పరీక్షలు వచ్చి మీద పడతాయి. ప్లస్ టూ చదివే అమ్మాయిలు మధ్యలోనే మానుకోవలసి వస్తుంది. ఆరు వారాలైతే వారు కూడా చివరి ఆటవరకు ఉంటారు.